హోల్డరుకు పెట్టిన బొట్టు

అక్టోబరు 9, 2002. బుధవారం

కండక్టరు నన్ను బస్సులోంచి దింపేశాడు. చంద్రగిరి పశువుల ఆసుపత్రి నుంచి నైట్రోజన్ క్యాను పట్టుకుని ఎక్కాను. మూత సందులోంచి తెల్లటి పొగ రావడం చూసి విజిల్ ఊదేశాడు. "ఏందమ్మా అది, బాంబా?" గాలేనప్పా, చల్లగా చేసి నీళ్ల మాదిరి చేసినారు, అంతే అన్నాను. "గాలైతే పొగ యాల వస్తాది? దిగు, దిగు." కొండకు పోయే జనం బస్సు నిండా. ఒకావిడ బిడ్డ కళ్లు మూసింది.

నడిరోడ్డు మీద నేనూ నా క్యానూ. ఆటో దొరికి తిరుపతిలో మా ల్యాబుకు చేరేసరికి సగం ఆవిరైపోయింది. డిపార్టుమెంటు నైట్రోజన్ ప్లాంటు నేను చేరకముందే చెడిపోయింది. బాగుచేయించాలన్న ధ్యాస ఎవరికీ లేదు. ఆబోతుల వీర్యం గడ్డకట్టించి దాచుకోవడానికి పశువుల ఆసుపత్రి తెచ్చుకునేదాంట్లో మిగిలితే మాకు పోస్తారు. ఈ జిల్లాలో ఆవులకున్న మర్యాద నా గ్రాఫైట్‌కు లేదు.

అక్టోబరు 11

సారు పొద్దున్నే టేబుల్ దగ్గరికి వచ్చారు. "ఏమ్మా సుగుణా, సున్నా ఎప్పుడొస్తాది?" నవ్వుతూనే అడిగారు. మార్చిలో రిటైరు. ఈ నెలాఖర్లో సెమినారు, చెన్నై నుంచి పెద్దవాళ్లు వస్తున్నారు. నా గైడు కదా, వాళ్లకు చూపించడానికి ఆయనకు ఏదో ఒకటి కావాలి. అదేదో నేను వంటింట్లో ఆలస్యం చేస్తున్న టిఫిను అయినట్టు రోజూ ఇదే మాట.

నాలుగేళ్లు. గ్రాఫైట్ పలకను సల్ఫర్‌తో కలిపి గాజుగొట్టంలో సీలు చేసి కాల్చడం. చల్లార్చడం. హోల్డరులో బిగించి నైట్రోజన్‌లోకి దించడం. మీటరు చూడడం. కరెంటుకు అడ్డు తగ్గుతూ తగ్గుతూ ఎక్కడైనా ఒక్కసారిగా సున్నా అయి, అది సూపర్ కండక్టరు అవుతుందా అని. ఇప్పటిదాకా కాలేదు.

రాత్రి అమ్మ ఫోను. "ఇంగా ఆ పెన్సిలు ముక్కల్నే కాలస్తాండావామే?" పెన్సిల్లో ఉండేదేమ్మా, పొరలు పొరలుగా ఉంటాది, ఒక్కో పొరకూ మందమే లేనట్టు ఉంటాది, దాంట్లో కరెంటు అడ్డం లేకుండా పోతాదేమోనని చూస్తాండా అన్నాను. "పోతే ఏమొస్తాది?" పోతే కరెంటు వృథా కాదమ్మా. "అయితే తొందరగా కనిపెట్టుమే. ఈడ దినామూ తీసేస్తాండారు."

అమ్మకు చెప్పనిది ఒకటుంది. పుస్తకాల్లో ఉన్న సూత్రం ప్రకారం కార్బన్ పొరల్లో నైట్రోజన్ ఇచ్చే ఈ కాస్త చల్లదనానికే అది జరగకూడదు. జరిగితే ఆ సూత్రం కాక వేరే కారణమేదో ఉండాలి. ఆ వేరే కారణం కోసమే నేను ఈ హాస్టలు సాంబారు నాలుగేళ్లుగా తింటున్నది. దాన్ని ఎవరూ టిఫిను అనకూడదు.

అక్టోబరు 14. ఆయుధపూజ

మీటర్లకు బంతిపూలు. పంపులకు బంతిపూలు. అటెండరు మునస్వామన్న పొద్దున్నుంచీ గంధం తీస్తున్నాడు. శుభ్రం చేద్దామని నేను హోల్డరు విప్పి టేబుల్ మీద పెట్టి ఉంచాను. సారు లోపలికి వచ్చి, మునస్వామన్న పట్టుకున్న పళ్లెంలో వేలు ముంచి, తిన్నగా దాని దగ్గరికే వెళ్లారు. గంధం పూసి పైన కుంకుమ. అది కూడా ఇత్తడి పట్టీల మీద! శాంపిల్‌ను పట్టుకునే పట్టీలు అవి నాలుగు. రెండింట్లో కరెంటు పోతుంది, రెండింటితో వోల్టేజి కొలుస్తాం. మిషను మొత్తంలో మరక పడకూడని చోటు అదొక్కటే.

దానికొద్దు సార్, కాంటాక్టులు పోతాయి అన్నాను. "అసలు పని చేసేది అదే గదమ్మా. దానికి పెట్టకపోతే ఇంక దేనికి పెట్టాల?" అందరూ నవ్వారు. రేపు విజయదశమి దాకా ఎవరూ ఏదీ తాకకూడదట.

కోపం వచ్చింది. మింగాను. బొరుగులూ బెల్లమూ తిని పలమనేరు బస్సెక్కాను. వచ్చాక స్పిరిటుతో కడగాలి.

అక్టోబరు 15

ఊళ్లో. కరెంటు లేదు.

అక్టోబరు 17

ల్యాబు గుమ్మంలోనే సారు. చేతిలో లడ్డు. "సున్నా వచ్చేసిందమ్మా!"

విజయదశమి రోజు మంచి గడియ అని తానే నా శాంపిల్ బిగించి, మునస్వామన్నను పక్కన పెట్టుకుని కొలిచారట. గ్రాఫు చూపించారు. గీత మామూలుగా దిగుతూ దిగుతూ ఒక్కచోట తెగి సున్నాలో పడింది. ద్రవ నైట్రోజన్ మరిగే చోటికి ఇంకా పైనే. కార్బన్‌లో అంత పైన! హోల్డరు కడిగినారా సార్ అని అడిగాను. "తుడిచినాంలేమ్మా." లడ్డు నోట్లో పెట్టేశారు.

నా శాంపిల్. నేను లేనప్పుడు. కోపం ఉంది, లేదని అనను. కానీ ఈరోజు సంతోషం దాన్ని మింగేసింది. బాత్రూంలోకి పోయి ఏడ్చాను. నాలుగేళ్లకు పలికింది.

అక్టోబరు 18

పేపరతను వచ్చాడు. హోల్డరు చేతికిచ్చి నవ్వమన్నాడు. నవ్వాను. సారు నా తల మీద చేయి పెట్టి "మా ఇంటి పిల్ల మాదిరి" అన్నారు.

అక్టోబరు 21

ఈసారి నేనే కొలిచాను. సారు బిగించిన శాంపిల్‌ను కదపకుండా. సున్నా వచ్చింది. అదే చోట.

కానీ... ఆ సున్నా కుదురుగా లేదు. మీటరు కాసేపు ఇటు, కాసేపు అటు. టేబుల్ మీద చేయి ఆనిస్తే కదులుతుంది. ఫ్యాను వేస్తే కదులుతుంది. నిజమైన సున్నా ఇట్లా చిందులు వేయదు. కొలిచే తీగ ఎక్కడో ఊడిపోయినప్పుడు మీటరు ఇట్లా ఆడుతుంది.

ఎవరికీ చెప్పలేదు. నాకే చెప్పుకోవాలని లేదు.

అక్టోబరు 22

హాస్టల్లో కాలిపోయిన హీటరు ఉంది. దాని కాయిల్ ముక్క ఒకటి కత్తిరించి తెచ్చాను. గ్రాఫైట్ తీసి దాన్ని అదే హోల్డరులో, అవే పట్టీల కింద బిగించాను. ఆ తీగ ఎంత చల్లబరిచినా దాని అడ్డు పెద్దగా మారదు. అందుకేగా దాంతో హీటర్లు చేసేది.

దించాను. సున్నా! దాదాపు అదే చోట!

నీళ్లు కాచుకునే హీటరు కాయిల్ మా తిరుపతిలో సూపర్ కండక్టరైంది. గట్టిగా నవ్వాను, ఒక్కదాన్నే. తర్వాత పట్టీలు విప్పి తిరగేసి చూశాను. వోల్టేజి పట్టీ అడుక్కి జారిన గంధం పసుపచ్చటి పొరగా ఎండి అట్టకట్టి ఉంది. అంచున ఎర్రగా. పైన తుడిచారు, అడుగున ఎవరు చూస్తారు? గదిలో ఉన్నంతసేపూ పట్టీ ఏదో ఒక మూల ఆనుతోంది. చల్లబడితే అన్నీ తలా కాస్త ముడుచుకుంటాయి, ఆ ఆనే మూల కూడా వదిలేస్తుంది. ఇంక మీటరుకు కొలవడానికేమీ లేదు. అదే మా సున్నా. అదే మా లడ్డు.



అక్టోబరు 23

సారుకు చెప్పాను. కాయిల్ గ్రాఫు, పట్టీ అడుగున పొర, రెండూ ముందు పెట్టాను. ఆయన మొదటి మాట: "ఎవరికన్నా చెప్పినావా?"

ఎట్లా జరిగింది అనలేదు. అయ్యో అనలేదు. ఎవరికన్నా చెప్పినావా.

లేదు సార్. "శనివారమే గదా సెమినారు. అందరికీ చెప్పేసినాం. ఇప్పుడు యాడ మార్చేది? కడిగి మళ్లా కొలువు. వచ్చినా వస్తాది." రాకపోతే సార్? "చూద్దాం."

చూద్దాం! ఎక్కడో పెద్ద దేశంలో ఒకడు ఈ కార్బన్ మీదే దొంగ గ్రాఫులు గీసి పట్టుబడిన సంగతి మాకు చదివి వినిపించింది ఈయనే. క్లాసులో అందరి ముందూ ఛీ అన్నది ఈయనే. వాడూ మొదట ఒకరోజు 'చూద్దాం' అనే అనుకుని ఉంటాడు.

అక్టోబరు 24

ఎమెరీ కాగితంతో రుద్ది, స్పిరిటుతో కడిగి, అదే గ్రాఫైట్ బిగించాను. ఏమీ లేదు. నాలుగేళ్లుగా చూస్తున్న అదే పాత గీత.

పేపర్లో మా ఫోటో పడింది, జిల్లా పేజీలో. హోల్డరు పట్టుకుని నవ్వుతున్నాను. మధ్యాహ్నం అమ్మ ఫోను. "పలమనేరు బస్టాండులో నీ బొమ్మ అందరికీ చూపించినానుమే. టీ అంగడాయన ఆ పేపరు గోడకు అంటించినాడు." తీసేయమని చెప్పమ్మా అన్నాను. "యాల?" అబద్ధమమ్మా. "నువ్వు చెప్పినావా అబద్ధం?" లేదమ్మా. "మరి నీకేల భయం?"

భయం కాదు. కోపమమ్మా. కానీ ఫోన్లో రెండూ ఒకేలా వినిపిస్తాయి కాబోలు.

అక్టోబరు 26. శనివారం

రాయాలి. ఇప్పుడే రాయాలి.

పొద్దున సారు ప్రొజెక్టరు మీద పెట్టే ట్రాన్స్‌పరెన్సీలు నా చేతికిచ్చి "నువ్వే చెప్పు, నీ పనే గదా" అన్నారు. ముందు వరసలో చెన్నై వాళ్లు. సారు గ్రాఫు పెట్టాను. తర్వాత దాని పక్కనే నేను గీసుకొచ్చిన కాయిల్ గ్రాఫు పెట్టాను. ఇది సూపర్ కండక్టివిటీ కాదు, కాంటాక్టు లేచిపోయింది, హీటరు కాయిల్‌కు కూడా ఇట్లాగే వచ్చింది, పట్టీలు కడిగాక ఆ సున్నా పోయింది అని చెప్పాను. గొంతు బాగానే పలికింది.

చెన్నై పెద్దాయన ఒకరు మర్యాదగానే అడిగారు, కాంటాక్టు మీద ఏం పడింది అని. గంధం, కుంకుమ సార్, ఆయుధపూజది. హాలంతా నవ్వు. ఆయన కూడా నవ్వారు. ఆ నవ్వు తగ్గేలోపల సారు లేచి, నా చేతిలోంచి మైకు తీసుకున్నారు.

"చిన్నపిల్ల గదా సార్. పండగ ఉత్సాహంలో అన్నిటికీ బొట్లు పెట్టేసింది. ఆడపిల్లల్ని ఎట్ల అంటాము? నేను చూసుకోవాల్సింది. తప్పు నాదే."

తప్పు నాదే! ఆ మాటకు చప్పట్లు కొట్టారు. ఎంత పెద్ద మనసు అని వెనకెవరో అన్నారు. తప్పు నా నెత్తిన పెట్టి, ఆ తప్పును మోస్తున్న పుణ్యం తాను ఎత్తుకుపోయాడు. నేను కాదు సార్, మీరే అన్నాను. మైకు లేదు. టీకి వెళ్లండి అని ఎవరో అరిచారు. కుర్చీలు కదిలాయి.

ఇకనుంచి ఈ పేజీల్లో 'అన్నారు' లేదు. అన్నాడు.

అక్టోబరు 27

మీరే. మీరే. మీరే.

అక్టోబరు 28

మునస్వామన్న ల్యాబు ఊడుస్తుంటే అడిగాను. నువ్వు చూసినావు గదన్నా, బొట్టు ఎవరు పెట్టినారో?

"సూసినానమ్మా. పళ్లెం పట్టుకోనుండేదే నేను గదా."

మరి చెప్తావా? చీపురు ఆపాడు. "ఎవురికి? నా కొడుకుని ఈడ పనిలో పెట్టిచ్చింది ఆయప్పే. మార్చిలో ఆయప్ప పోయినాక కూడా ఆయప్ప మనుషులు ఈడే ఉంటారు. నన్ను లాగొద్దమ్మా. నీ కాడ అబద్ధం చెప్పలేను, అందరి ముందరా నిజమూ చెప్పలేను."

అన్నీ తెలిసిన నోరు మూసుకుని చీపురు పట్టుకుంటే నాకేం ఒరిగింది? గట్టిగానే అన్నాను ఈ మాట. అతను తలొంచుకుని ఊడ్చుకుంటూ వెళ్లిపోయాడు. అతని మీద అరిచి ఏం సాధించాను? అరవాల్సిన గది తలుపు పక్కనే ఉంది. నేమ్‌ప్లేటు కూడా ఉంది దానికి. అక్కడ అరవలేదు కదా నేను.

అక్టోబరు 29

నా టేబుల్ మీద ఎవరో కుంకుమభరిణ పెట్టి పోయారు. పక్క ల్యాబు కుర్రాళ్ల పనే. ఒకడు కిటికీలోంచి, "అక్కా, మా ప్రింటరుకు గూడా ఒక బొట్టు పెట్టక్కా, కాగితం ఇరుక్కుంటాంది."

భరిణ తీసి వాడి మీదికే విసిరాను. చొక్కా ఎర్రగా అయింది. వాడు ఇప్పుడు హెడ్డుకు కంప్లయింటు ఇచ్చాడట. ఇవ్వనీ. ఈ డిపార్టుమెంటులో నేను నిజంగా ఒకరికి బొట్టు పెట్టానంటే అది వాడికే.

అక్టోబరు 30

సారు పిలిచాడు. తలుపు వేయమన్నాడు. కూర్చోమన్నాడు. ముందు చొక్కా సంగతి, అది తాను సర్దేస్తాడట. తర్వాత అసలు సంగతి.

"నువ్వు 'బొట్టు పెట్టింది సారే' అని అందరికీ చెప్పుకోని తిరగతాండావంట. శుక్రవారం డిపార్టుమెంటు మీటింగు ఉండాది. లేచి ఒక్క మాట చెప్పు, బొట్టు నేనే పెట్టినాను, తెలీక పెట్టినాను అని. అంతటితో అయిపోతాది. నీ థీసిస్ మీద మర్నాడే సంతకం పెడతా."

మీరు పెట్టినారు గదా సార్ అన్నాను.

కాదని అనలేదు. కాదంటే బాగుండేది, ఇంకా గట్టిగా అరిచేదాన్ని. కిటికీలోంచి కొండ వైపు చూస్తూ కూర్చున్నాడు. "ముప్పై ఏండ్లు చేసినానమ్మా ఈడ. మార్చిలో పోతాను. నీకు ముందర ఎంతో ఉండాది. ముసలోడికి పొయ్యే ముందర ఈ మచ్చ యాల?"

జాలి వేసింది. ఆ మనిషిని చూసి జాలి వేసింది! దానికి నా మీద నాకే మండింది. నా ముందర ఎంతో ఉందట. ఆ ఉన్నదాన్ని తన మచ్చ తుడుచుకోవడానికి గుడ్డలాగా అడుగుతున్నాడు, పైగా బతిమాలుతూ.

సంతకం లేకపోతే నాలుగేళ్లు గంగలో కలిసినట్టే. సగంలో ఉన్న మనిషిని ఇంకో గైడు తీసుకోడు, అందులోనూ గైడును అందరి ముందూ కాదన్న మనిషిని. ఒక్క మాట. అంటే పోలా? ఎవరికి నష్టం? పలమనేరు టీ అంగడి గోడ మీది ఫోటో కూడా చింపక్కర్లేదు.

అక్టోబరు 31. గురువారం

మనసు నిలవక పనిలో పడ్డాను. పశువుల ఆసుపత్రిలో ఈసారి క్యాను నిండా పోశారు. పట్టీలు మళ్లీ రుద్ది కడిగాను. ముందు హీటరు కాయిల్ బిగించి చూశాను. గీత తిన్నగా, మర్యాదగా, చివరిదాకా. కాంటాక్టు బాగుంది. తర్వాత దసరాకు ముందు కాల్చిన పలకల్లో ఇంకా ఎవరూ ముట్టనిది ఒకటుంటే తీసి బిగించాను. మిగతావాటి కంటే సల్ఫర్‌లో ఎక్కువసేపు కాలింది అది.

దిగుతోంది... దిగుతోంది... ఒకచోట చిన్న వంపు.

సున్నా కాదు. సున్నా దరిదాపుల్లోకి కూడా కాదు. గీత ఉండాల్సినదానికంటే కాస్త కిందికి వంగింది, అంతే. ముందు నమ్మలేదు. కోపంగా ఉన్నప్పుడు మనిషికి ఏదైనా కనిపిస్తుంది. కరెంటు దిశ తిప్పాను. వోల్టేజి గుర్తు మారింది, విలువ మారలేదు. ఫ్యాను వేశాను, కదల్లేదు. టేబుల్ మీద గుద్దాను, కదల్లేదు. వేడెక్కనిచ్చి మళ్లీ దించాను. అదే చోట, అంతే వంపు. వోల్టేజి పట్టీలు రెండూ అటూ ఇటూ మార్చి మళ్లీ దించాను. అదే.

ఏమైనా కావచ్చు. లోపల సల్ఫర్ కదిలి ఉండొచ్చు, పొరల్లో బీట ఉండొచ్చు. ఏమీ కాకపోవచ్చు. లేదా ఆ పొరల్లో ఎక్కడో ఒక చిన్న ముక్కలో, పుస్తకం వద్దన్నచోట... చెప్పలేను. ఇంకో నాలుగు పలకలు ఇట్లాగే కాల్చి చూడాలి. అయస్కాంతం దగ్గర పెట్టి చూడాలి. ఎవరినో బతిమాలి ఇంకా చల్లటి చోటికి తీసుకుపోవాలి. అప్పుడు కానీ నోరు తెరవకూడదు.

అప్పుడు తెరిస్తే మాత్రం? ఈ గీత గీసింది ఎవరంటే ఏం చెబుతారు? హోల్డరుకు బొట్టు పెట్టిన పిల్ల. రేపు లేచి ఆ ఒక్క మాటా అంటే, దీంతో సహా నేను కొలిచినవన్నీ, ఇకముందు కొలిచేవన్నీ ఆ పిల్ల కొలిచినవే. హాలు హాలంతా మళ్లీ నవ్వుతుంది. అనకపోతే సంతకం లేదు, ల్యాబు లేదు, ఈ హోల్డరు తాకే హక్కు కూడా లేదు. ఈ పలక ఏ డబ్బాలోనో పడి ఉంటుంది. ఎవరికి నష్టమని నిన్న రాసుకున్నాను, తెలివితక్కువదాన్ని.

ఇట్లా కూర్చుని ఉండగా తలుపు దగ్గర సారు. టీ తాగి వస్తున్నట్టున్నాడు. లోపలికి రాకుండా మీటరు వైపు చూశాడు. ఆ కళ్లలో ఇంకా ఆశ ఉంది, నాకు తెలుసు ఆ చూపు, నాలుగేళ్లు నాదీ అదే చూపు.

"ఏమన్నా వచ్చిందా అమ్మా?"

చెబితే రేపు మధ్యాహ్నానికి పేపరతను వస్తాడు. మళ్లీ లడ్డు. మళ్లీ తల మీద చేయి.

లేదు సార్ అన్నాను. ఏమీ లేదు, పాత గీతే.

నమ్మాడు. ఎందుకు నమ్మడు? నేను ఎప్పుడూ లేనిది చెప్పలేదు కదా. "సరేమ్మా. రేపు పదిన్నరకు మీటింగు. మర్చిపోవద్దు" అని వెళ్లిపోయాడు.

ఈ ల్యాబులో ఇది నా మొదటి అబద్ధం. గొంతు కూడా తడబడలేదు. రేపు పదిన్నరకు రెండోది అడుగుతాడు —